వంకాయరంగు చెప్పులు

ఆ శుక్రవారం ఉదయం నర్సమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త చెప్పులు తొడుక్కోవాలి. సాయంత్రం దాకా నిలబడాలి. కుంటకుండా ఇంటికి రావాలి. ఇంత బుల్లి పథకంలో తలకిందులు కావడానికి ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు. పాపం, ఆమె కూడా అలాగే అనుకుంది.

ఆమె ఉద్యోగం ఆపరేషన్ థియేటర్‌లో. డాక్టరు చెయ్యి చాపేలోగా ఆ చేతిలో కావలసిన పరికరం పెట్టాలి. ఆయన కత్తెర అడగబోతున్నాడో దారం అడగబోతున్నాడో ఆయనకంటే ముందు ఈమెకు తెలియాలి. తెలిసేది కూడా. ఆ పనంటే ఆమెకు ప్రాణం. కానీ ఆ పనిలో కూర్చోవడమన్న మాటే లేదు. ఈమధ్య ఆమె మడమలు ఎదురుతిరిగాయి. మధ్యాహ్నానికి సన్నగా సలుపు మొదలయ్యేది, సాయంత్రానికి ఒక్కో అడుగూ మేకు మీద వేసినట్టుండేది. ఒకరోజు ఆమె బల్ల అంచు పట్టుకుని ఒంటికాలిమీద నిలబడి ఉండడం మేట్రన్ కంట పడింది.

"స్టోర్‌లో కుర్చీ ఖాళీ అయిందమ్మా," అంది మేట్రన్. ఆవిడ మంచిది, చల్లని కబురే చెబుతున్నాననుకుంది. "హాయిగా కూర్చుని దుప్పట్లూ తువ్వాళ్లూ చూసుకోవచ్చు. శుక్రవారం సాయంత్రానికల్లా ఏ సంగతీ చెప్పు. ఆ తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేస్తారు."

కూర్చునే ఉద్యోగం అనగానే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. నర్సమ్మకు ఉన్న ప్రాణం ఉసూరుమంది. ఎన్నేళ్లు సేవ చేసినా దుప్పటి చెయ్యి చాపి ఏమీ అడగదు కదా! థియేటర్ వదలకుండా ఉండాలంటే కాళ్లు దారికి రావాలి, కాళ్లు దారికి రావాలంటే సరైన చెప్పులు దొరకాలి. ఆ విధంగా చెప్పుల సమస్య ఆ ఇంటికి ఇంటిసమస్య అయి కూర్చుంది.

ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. రోజంతా కూర్చుని చేసే పని కావడంతో నిలబడడం గురించి ఆయనకు బోలెడన్ని అభిప్రాయాలుండేవి. "మెత్తగా ఉంటే చాలు," అంటూ దూదిలాంటి చెప్పులు తెచ్చాడు. అవి తడినేల మీద ఆమెను ఒక గోడ నుంచి ఇంకో గోడకు చేర్చాయి. ఆడపడుచు పరుగుపందెం బూట్లు కొనిపించింది. వాటి తాళ్లు థియేటర్ నేలమీద ఉన్న తడినంతా పీల్చుకునేవి. పైగా ఉతికితే ఆరేవి కావు. అత్తగారిది మాత్రం ఒకటే మాట. "మా రోజుల్లో చెప్పులే లేవు. మడమలనేవి ఉన్నాయని కూడా మాకు తెలీదు." వీటన్నిటికీ తోడు నర్సమ్మ మనిషి పొడుగు, పాదాలూ అందుకు తగ్గట్టే ఉండేవి. ఆడవాళ్ల అరల్లో ఆమెకు సరిపడే జత దొరికేది కాదు. ఆమె చెప్పుల్ని ఇంట్లో అందరూ ముద్దుగా పడవలనేవారు.

చివరికి దారి పెద్ద డాక్టరుగారి పాదాల దగ్గర కనిపించింది. ఆ ఆసుపత్రిలో అందరికంటే పెద్ద సర్జన్ ఆయన. చెయ్యి బంగారం, నోరు నిప్పు. చాటున అందరూ ఆయన్ని కుంపటి అనేవారు. కుంపటిగారు వస్తున్నారంటే తలలన్నీ వంగిపోయేవి. అందుకే ఆ థియేటర్‌లో ఆయన ముఖంకంటే ఆయన చెప్పులే అందరికీ బాగా పరిచయం. ముందు మూసి వెనక తెరిచి ఉండే రబ్బరు చెప్పులవి, నవనవలాడే వంకాయరంగువి. మిగతావాళ్లందరి చెప్పులమీదా సిరాతో పేర్లుండేవి. వాటిమీద లేదు. ఆ రంగు తొడుక్కునే గుండెధైర్యం ఇంకెవరికుంది గనక?

రోజూ బల్ల దగ్గర ఆయన పక్కనే నిలబడే నర్సమ్మ ఒక సంగతి గమనించింది. తనకంటే వయసులో అంత పెద్దవాడు, తనకంటే ఎక్కువసేపు నిలబడతాడు. ఏనాడూ కుర్చీ అడగలేదు, కాలు మార్చలేదు. మహత్యమంతా ఆ చెప్పుల్లోనే ఉందని ఆమె తేల్చేసుకుంది. గురువారం డ్యూటీ దిగీ దిగగానే చెప్పుల దుకాణానికి వెళ్లింది.

"సాయంత్రం వచ్చి మంచి పని చేశారమ్మా," అన్నాడు దుకాణదారు. "పొద్దున కాళ్లు నాజూగ్గా, మర్యాదగా ఉంటాయి. సాయంత్రానికిగానీ వాటి అసలు రూపం బయటపడదు. ఆ రూపానికి సరిపోయేదే కొనుక్కోవాలి." ఆయన ఆమెను కాసేపు నిలబెట్టాడు, వేళ్లు ఆడించమన్నాడు, నేలమీద కాసిని నీళ్లు చల్లి నడవమన్నాడు. మగవాళ్ల అరలోంచి మూడో జత తీసి తొడిగాక ఆమె దుకాణం ఆ చివరిదాకా నడిచి వచ్చింది. మడమ కింద ఎవరో అరచెయ్యి పెట్టి మోస్తున్నట్టుంది. "ఒకరోజు వేసుకు చూడండి. పడకపోతే మార్చిస్తా. గీత గానీ సిరా మరక గానీ ఉండకూడదు సుమా," అన్నాడాయన. అందుకని ఆమె వాటిమీద పేరు రాసుకోలేదు.

"వంకాయరంగా!" అన్నాడు భర్త, శుక్రవారం ఉదయం వాటిని చూసి.

"రంగు చూసి కొనలేదండీ. కాళ్లు చూసి కొన్నా."

"కుంపటిగారివీ ఇవే అన్నావుగా. ఆయనేమైనా అనుకుంటారేమో."

"ఆయన కిందికి చూడరండీ. కిందికి చూడడం మా పని," అంది నర్సమ్మ, సంచీ భుజాన వేసుకుంటూ.

ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో నేలమీద ఒక ఎర్ర గీత ఉంటుంది. బయటి చెప్పులు గీతకు అవతల వదలాలి, లోపలి చెప్పులు అక్కడి చెక్క అరలోంచి తీసి తొడుక్కోవాలి. పై అరంతా కుంపటిగారిది, అడుగు అరలో ఓ మూల నర్సమ్మది. లోపల అందరివీ ఒకే రంగు బట్టలు. నెత్తిన టోపీ, ముఖాన మాస్కు, కళ్లు తప్ప ఏమీ కనపడవు. తలుపులన్నీ కింద జానెడు ఖాళీ వదిలినవి. వచ్చేదెవరో ముందు ఆ జానెడులోంచే తెలుస్తుంది.

కొత్త చెప్పులు వేసుకుని నర్సమ్మ టీ గది వైపు నడిచింది. తలుపు అవతల నవ్వులు పొర్లిపోతున్నాయి. థియేటర్ కడిగే ఆయమ్మ కుంపటిగారిలా గొంతు పెట్టి అరిచి చూపిస్తోంది, మత్తు డాక్టరు పడీపడీ నవ్వుతున్నాడు. నర్సమ్మ తలుపు దగ్గర ఆగి మాస్కు సర్దుకుంది. నవ్వులు కోసినట్టు ఆగిపోయాయి. ఆమె తలుపు తోసేసరికి గదిలో ఎవరూ లేరు. కప్పుల్లో టీ పొగలు కక్కుతోంది, వెనక తలుపు ఇంకా ఊగుతోంది.

పరికరాలు కడిగే గదిలోనూ అదే జరిగింది. ఆమె ఇటునుంచి అడుగు పెట్టేలోగా లోపలివాళ్లు అటునుంచి మాయమయ్యారు. మత్తు డాక్టరు, నేలకు జానెడు ఎత్తున వేలాడే తెర వెనక స్టూలుమీద కూర్చుని ఓ కునుకు తీస్తున్నాడు. ఆమె తెర పక్కకు లాగేసరికి స్టూలు కిందపడి ఉంది, మనిషి లేడు. నిన్నటిదాకా "రా అక్కా, కూర్చో అక్కా" అన్నవాళ్లు ఇవాళ కంటబడకుండా పారిపోతున్నారు. కారణం ఆమెకు ఒకటే తోచింది. స్టోర్ సంగతి వీళ్ల చెవిన పడింది. ఎలాగూ పోయే మనిషే కదా, ఇంకా ఈమెతో మాటలెందుకనుకుంటున్నారు. ఇన్నాళ్ల స్నేహం ఇంతేనా? నెలల తరబడి సలిపిన మడమలు ఆ రోజు హాయిగా ఉన్నాయి. నొప్పంతా మనసుకు ఎక్కింది.

నిజానికి ఆ ఉదయం ఆమెకంటే ఎక్కువ అయోమయంలో పడ్డవాడు కుంపటిగారు. ఆయన చేతులు కడుక్కుంటుంటే ఆయమ్మ వచ్చి ఆయన వెనక నిలబడింది.

"తప్పయిపోయిందండీ. ఇంకెప్పుడూ మీలా అరవను."

"నాలా అరవడమేమిటి?"

"మీరు తలుపు దగ్గర నిలబడి విన్నారుగా!" అని ఆమె కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయింది. ఆ వెంటనే మత్తు డాక్టరు వచ్చాడు. "సర్, పడుకోలేదు సర్. కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నా."

"ఎప్పుడు?"

"ఇందాకే కదా సర్. మీరు తెర దగ్గరికి వచ్చారుగా."

"నేను ఏ తెర దగ్గరికీ రాలేదయ్యా!" అని కుంపటిగారు గర్జించాడు. మత్తు డాక్టరు దాన్ని క్షమించనన్న మాటగా తీసుకుని పాలిపోయాడు. అడగకుండానే అందరూ వరసకట్టి వచ్చి తప్పులు ఒప్పుకుంటున్నారు. తన థియేటర్‌లో ఇన్ని ఘోరాలు జరుగుతున్నాయని ఆయనకు అప్పుడే తెలిసింది. దానితో ఆయన ఇంకా రాజుకున్నాడు. ఆయన రాజుకున్నకొద్దీ మిగతావాళ్ల భయం పెరిగింది. పెద్దాయన ఇవాళ ఎక్కడ చూసినా ఉంటున్నారని ఒకరితో ఒకరు చెప్పుకుని, కనపడిన వస్తువునల్లా కడగడం మొదలుపెట్టారు.

ఆ కడుగుడులోనే అసలు ముప్పు ఉంది. మధ్యాహ్నం అందరూ చెప్పులు విడిచి భోజనాలకు వెళ్లినప్పుడు ఆయమ్మ చెప్పుల అరను ఖాళీచేసి కడిగింది. పై అరలో ఒక వంకాయరంగు జత, అడుగు అరలో ఇంకొకటి. ఆమె రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసింది. "రెండు జతలా! అందుకేనా ఎక్కడ చూసినా ఈయనే!" అనుకుంది. రెండిటినీ తళతళలాడేలా తోమింది. రెండూ ఆయనవే అయినప్పుడు ఏది ఎక్కడ పెడితేనేమి? కింది జత పైకి, పై జత కిందికి చేరాయి. భోజనాలయ్యాక ఎవరి అరలోంచి వాళ్లు, ఏ అనుమానమూ లేకుండా తీసి తొడుక్కున్నారు.

మధ్యాహ్నం ఆపరేషన్ మొదలయింది. కాసేపటికి కుంపటిగారికి ఏదో వెలితిగా అనిపించింది. రోజూ ఈ పాటికి ఉండవలసిందేదో ఇవాళ లేదు. ఏమిటది? చేతులు బాగానే ఆడుతున్నాయి, దీపం బాగానే ఉంది. ఆయనకు అంతు చిక్కలేదు గానీ, మనసు తేలిగ్గా ఉంది. చెయ్యి చాపాడు.

"కత్తెర ఇస్తావా సిస్టర్?"

థియేటర్‌లో ఊపిరి తీస్తున్నది బల్లమీది మనిషొక్కడే అన్నంత నిశ్శబ్దం. ఆ గొంతులో "ఇస్తావా" అనే మాట ఎవరూ ఏనాడూ విని ఉండలేదు.

"ఇదిగో పట్టుకోండి!" అంది నర్సమ్మ, పళ్లు బిగపట్టి. ఆ మాట విరుపుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఏం చేస్తుంది మరి? పొద్దున అరచేతుల్లో మోసిన చెప్పులు భోజనమయ్యాక పగబట్టాయి. వేళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, మడమ సగం బయట వేలాడుతోంది. ఒక్కపూటకే వీటి మహత్యం అయిపోయిందా అని ఆమెకు ఏడుపొచ్చింది. చేతులు మాత్రం తప్పు చేయలేదు. అడగకముందే అన్నీ అందించాయి. ఇదే ఆఖరుసారి అనుకుంటూ అందించింది.

కుంపటిగారు దారం ముడివేస్తూ మత్తు డాక్టరు వైపు తిరిగాడు. "ఏమయ్యా, పిల్లలు బాగున్నారా?"

"నాకింకా పెళ్లి కాలేదు సర్."

"అవుతుందిలే, కంగారెందుకు," అని ఆయన నవ్వాడు. మాస్కు మాటున కూడా అది నవ్వేనని అందరికీ తెలిసిపోయింది. తర్వాత ఏదో కూనిరాగం తీశాడు.

మూల నిలబడిన ఆయమ్మ ఇక ఆగలేకపోయింది. బయటికి వచ్చి, పెద్దాయన నవ్వారని వసారాలో చెప్పింది. అది వార్డు దాకా వెళ్లేసరికి ఆయనకు ఒంట్లో బాగాలేదని అయింది. మెట్లు దిగేటప్పటికి ఉద్యోగం మానేస్తున్నారని అయింది. సూపరింటెండెంటు గదిలో అడుగుపెట్టేసరికి ఇవాళే ఆఖరిరోజు, వీడ్కోలు సభకు అంతా సిద్ధం అన్నంతవరకూ వచ్చింది. ఆ సూపరింటెండెంటుకు జీవితంలో రెండే కోరికలు, సభకు ఆలస్యం కాకూడదు, ఉపన్యాసం ఎవరూ ఆపకూడదు. ఆయన కిందికి పరుగెత్తి పూల దుకాణంలో మిగిలిన ఒకే ఒక్క పూలగుత్తి కొని, ఆయాసపడుతూ ఎర్ర గీత దగ్గరికి చేరుకున్నాడు. ఆ గుత్తికి కట్టిన రిబ్బనుమీద "త్వరగా కోలుకోండి" అని ఉంది. దాన్ని చదివే తీరిక ఆయనకు లేకపోయింది.

ఆపరేషన్ చక్కగా ముగిసింది. నర్సమ్మ పరికరాలన్నీ లెక్క చూసి అప్పగించి, గోడ పట్టుకుని మేట్రన్ గది వైపు బయలుదేరింది.

"ఏంటక్కా, కుంటుతున్నావ్?" అన్నాడు ఎదురొచ్చిన మత్తు డాక్టరు.

"పక్కకి జరుగు!"

ఆయన గోడకు అంటుకుపోయాడు. మేట్రన్ తన గదిలో లేదు. అందరూ ఎర్ర గీత దగ్గర గుమిగూడి ఉన్నారు, మధ్యలోంచి సూపరింటెండెంటు గొంతు ఖంగుమంటోంది.

"ఇన్నేళ్లు ఈ థియేటర్‌కి ప్రాణమై, పగలనక రాత్రనక నిలువుకాళ్లమీద నిలబడి, ఎన్ని బాధలున్నా పైకి చెప్పుకోకుండా, ఇవాళ మనందర్నీ విడిచి వెళ్లిపోతున్న..."

నర్సమ్మ అడుగు అక్కడే ఆగిపోయింది. పొద్దుటినుంచీ వీళ్లు తనను చూసి పారిపోయింది ఇందుకా! చాటుమాటుగా తనకోసం సభ ఏర్పాటు చేస్తున్నారా! ఎంత అపార్థం చేసుకుంది వీళ్లని! కన్నీళ్లు మాస్కులోకి జారుతుండగా ఆమె గుంపును తోసుకుని ముందుకు నడిచింది. సూపరింటెండెంటు కుంపటిగారి వైపు పూలగుత్తి చాపాడు. మధ్యలోకి వచ్చిన నర్సమ్మ రెండు చేతులా దాన్ని అందుకుంది.

"ఇంతకీ వెళ్లిపోయేదెవరు?" అన్నాడు కుంపటిగారు.

"మీరే కద సర్," అన్నాడు సూపరింటెండెంటు.

"నేనేనండీ," అంది నర్సమ్మ.

సూపరింటెండెంటు ముఖం చూస్తే, ఎవరో ఒకరు వెళితే చాలు, తన ఉపన్యాసం పూర్తవుతుందనుకుంటున్నట్టుంది. నర్సమ్మ మేట్రన్ వైపు తిరిగింది.

"స్టోర్‌కి వెళ్తాను మేడమ్. నాకు ఇష్టం లేదు. ఈ బల్ల పక్క తప్ప నాకు ఎక్కడా తోచదు. కానీ ఈ కాళ్లు నా మాట వినట్లేదు. ఈ చెప్పులు పొద్దున అంత బాగున్నాయా, మధ్యాహ్నానికి ఎలా నలిపేశాయో చూడండి," అంటూ ఒక చెప్పు విడిచి చేతిలోకి తీసుకుంది.

అందరి తలలూ అలవాటుగా కిందికి వంగాయి. నర్సమ్మ రెండో కాలికి ఒక వంకాయరంగు చెప్పు. ఎదురుగా కుంపటిగారి కాళ్లకు ఇంకో రెండు. తలలు ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ తిరిగాయి.

"అంటే పొద్దున తెర వెనక..." అన్నాడు మత్తు డాక్టరు. "నువ్వా అక్కా?"

"నేను కాక ఇంకెవరు? మీరంతా నన్ను చూసి పారిపోయారుగా!"

"అయ్యో సిస్టరమ్మా!" అని ఆయమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "రెండు జతలూ పెద్దాయనవే అనుకుని కలగాపులగంగా పెట్టేశా!"

నర్సమ్మ చేతిలోని చెప్పు తిరగేసింది. అడుగున అచ్చుపోసిన సైజు తనది కాదు. తనదానికంటే చిన్నది. ఆమె గుండె ఒక్కసారి తేలికపడింది. కొత్త చెప్పులు మోసం చెయ్యలేదన్నమాట! అంతలోనే ఇంకో ఆలోచన వచ్చి ఆమె కుంపటిగారి పాదాల వంక చూసింది. తనవాటిలో అవి ఎక్కడా బిగుతు లేకుండా, అతికినట్టు సరిపోయాయి.

"డాక్టరుగారూ, ఈ సైజు ఎప్పటినుంచి వేస్తున్నారు?"

"మెడికల్ కాలేజీలో చేరినప్పటినుంచీ. ప్రతిసారీ అదే రంగు, అదే సైజు. ఏం?"

"అప్పటినుంచీ పాదాలు అలాగే ఉండిపోతాయా అండీ? వయసుతోపాటు అవీ సాగుతాయి. నొప్పి పుట్టదూ?"

కుంపటిగారు చాలాకాలం తర్వాత మొదటిసారి కిందికి చూసుకున్నాడు. వేళ్లు ఆడించాడు. అవి ఆడాయి. "నొప్పెందుకుండదు," అన్నాడు మెల్లగా. "నిలబడి చేసే పనికి అది మామూలేననుకున్నా. అందరికీ ఉంటుంది, ఎవరూ చెప్పుకోరు, నేనెందుకు చెప్పుకోవాలనుకున్నా. ఇవాళ మధ్యాహ్నం ఏదో తక్కువయిందనుకుంటూనే ఉన్నాను సిస్టర్. తక్కువయింది ఇదా!"

ఆ మాటకు ఎవరికీ నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ తామంతా భయపడింది ఇరుకు చెప్పులకా అని కొందరికి ఆయనమీద జాలి కూడా వేసింది. మొదట తేరుకున్నది నర్సమ్మే.

"అయితే అవి ఇలా ఇచ్చెయ్యండి. నావి."

పెద్దాయన దగ్గర నుంచి ఒక వస్తువును ఎవరైనా అలా అడగడం ఆ గోడలు ఎప్పుడూ చూడలేదు. ఆయన చెప్పులవంక చూశాడు, ఆమెవంక చూశాడు. "సోమవారం ఇస్తే కుదరదా?" అన్నాడు బతిమాలుతున్నట్టు.

"కుదరదండీ. సాయంత్రం మీరే దుకాణానికి వెళ్లండి. పొద్దున మాత్రం వెళ్లకండి, కాళ్లు అబద్ధం చెబుతాయి."

ఆయన చెప్పులు విడిచి నేలమీద వట్టి కాళ్లతో నిలబడ్డాడు. నర్సమ్మ తనవి తొడుక్కుంది. మడమల కింద ఆ అరచేతులు మళ్లీ వచ్చి చేరాయి. ఆమె కళ్లు మూసుకుని పొడుగ్గా ఊపిరి వదిలింది.

"మరి స్టోరో?" అంది మేట్రన్.

"ఎవరికైనా ఇచ్చెయ్యండి మేడమ్. నాకు కూర్చునే తీరిక లేదు." చేతిలో ఇంకా పూలగుత్తి ఉన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. దాని రిబ్బను చదివింది, ఎదురుగా వట్టి కాళ్లతో ఉన్న పెద్దాయన్ని చూసింది, గుత్తి ఆయన చేతిలో పెట్టింది. సూపరింటెండెంటు మిగిలిన ఉపన్యాసం ఎవరి గురించో చెప్పకుండా పూర్తిచేశాడు. చప్పట్లు బాగానే పడ్డాయి.

సోమవారం పెద్ద డాక్టరుగారు సరైన సైజు చెప్పుల్లో వచ్చాడు, అదే వంకాయరంగు. నర్సమ్మ తన చెప్పులమీద అల్లంత దూరానికి కనపడేలా పేరు రాసుకుంది. థియేటర్‌లో ఇప్పుడు "ఇస్తావా", "తీసుకో" తప్ప వేరే మాట వినిపించడం లేదు. టీ గదిలో ఎవరూ పారిపోవడం లేదు. పారిపోకపోగా, పిలిచినా లేవడం లేదు. మత్తు డాక్టరు స్టూలుకు దిండు కూడా తెచ్చుకున్నాడు. ఒక ఆపరేషన్ ఆలస్యంగా మొదలయింది, మర్నాడు రెండు ఆలస్యంగా మొదలయ్యాయి. పెద్దాయన చిరునవ్వుతో ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

పనికిరాని పాత జతను పారెయ్యనా అని ఆయమ్మ అడిగింది. మేట్రన్ గోడగడియారం వంక ఒకసారి చూసి, ఒప్పుకోలేదు. శుభ్రంగా కడిగించి, తుడిపించి, తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.